కత్తి తోక మీది నల్లతుప్పు

"మీ డాక్టర్ అంకుల్ పోయారమ్మాయ్" అని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను షికాగో ట్రైన్‌లో ఉన్నాను. నేపర్‌విల్‌లో వాళ్ళ బేస్‌మెంట్‌లోనే అద్దెకుండి ఎమ్మెస్ పూర్తి చేశాను.

ఎమర్జెన్సీలో కత్తిపోట్లకీ తూటా గాయాలకీ కుట్లు వేస్తూనే రిటైరైన సర్జన్ ఆయన. తరవాత ఒక పాత జపాన్ కత్తి కొన్నారు. "కాళ్ళకి చక్రాలున్నాయా నీకు? కూర్చుని చూడు" అని నాకు దాన్ని వెలుతుర్లో వంచి చూపించేవారు. "వీపు మీద ఈ గాటు చూశావా? ఎవడో నెత్తి మీద వేటు వేస్తే, దీన్ని పట్టుకున్నవాడు అడ్డుపెట్టాడు. లేకపోతే పుర్రె రెండు చిప్పలయ్యేది. సానపట్టేవాళ్ళు దీన్ని అరగదీయరు, గౌరవం."

"దాన్ని ఉప్మా తిననివ్వండి!" అని వంటింట్లోంచి ఆంటీ.

చేసినవాడి పేరు పిడిలోకి దూరే తోక మీద చెక్కుతారట. ఎవరో కత్తిని కురచ చేయడంతో ఆ ముక్క పోయింది. వందల ఏళ్ళ వయసుకి తోక మీది నల్లతుప్పే పెద్ద సాక్ష్యం. ఎవరి పనో తేల్చడానికి కాలిఫోర్నియా నుంచి ఒక జపనీస్ పెద్దాయన శనివారం వస్తానన్నారు.

ఆ వారమే దసరా. ఆయుధపూజకని ఆంటీ పిడి ఊడదీసి, తోకని చింతపండుతో తోమేశారు.

అంకుల్ చూసి గావుకేక పెట్టారు. పూజపీటని తన్నారు. గోడంతా కుంకుమ. "చంపేశావే!" అంటూ ఆ తోక పట్టుకునే ఎత్తి సోఫాని నరికారు. ఒక్క వేటుకి స్పాంజీ, చెక్కా తెగాయి. మళ్ళీ ఎత్తారు.

"నన్ను నరకండి. సోఫా ఏం చేసింది?" అన్నారు ఆంటీ.

అప్పుడు చూశారాయన, ఆవిడ అరచేతిలోంచి కారుతున్న రక్తాన్ని. తోముతుంటే తెగిందట. కత్తి పడేసి, తిడుతూనే కుట్లు వేశారు.

"కదలకు, దరిద్రమా!"

"మెల్లిగా గుచ్చండి, కసి తీర్చుకుంటున్నారా?"

శనివారం వచ్చిన పెద్దాయన తోక చూసి కళ్ళు మూసుకున్నారు. తరవాత అంచు వెంట పొగమంచులాంటి తెల్లగీతనీ, ఉక్కులోని పోగుల్నీ చాలాసేపు చూశారు. బిజెన్ ప్రాంతపు కమ్మరుల పనిలాగే ఉందనీ, ఇంక కాగితం మీద మాత్రం రాసివ్వలేననీ ఇంగ్లీషులో చెప్పారు. ఏ మూర్ఖుడు తోమాడని అడిగారు.

ఆంటీ కట్టు కట్టిన చెయ్యి కొంగులోకి లాక్కున్నారు.

"ఐ డిడ్" అన్నారు అంకుల్.

పెద్దాయన ఆయన్ని అసహ్యంగా చూశారు. అంకుల్ తల దించుకుని నిలబడ్డారు. బల్ల మీద ఆ తోక కొత్త గరిటెలా తళతళలాడుతోంది.