కత్తి ఆగితే మళ్ళీ చెప్పాలి

మా ఆవిడ పోయింది. మార్చి నెలలో ఒక బుధవారం, టాంపినీస్‌లో మా ఇంటి వంటగదిలో. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మీలో చాలామందికి ఈ కబురు ఫోన్ గ్రూపుల్లో అందింది. స్వయంగా వచ్చినవాళ్ళతోనూ, క్యారియర్లు పంపినవాళ్ళతోనూ అప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇది రాయడానికి అదీ ఒక కారణం.

ఇంకో కారణం ఉంది. ఆ రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నారు. "బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచి అమ్మాయిని ఎంత బాగా చదివించారండీ!" నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది. చదివించింది ఆవిడ. నేను ఆ చుట్టుపక్కల కూడా లేను.

మేము హైదరాబాదు నుంచి ఈ దేశానికి వచ్చేసరికి అమ్మాయి ఆరో తరగతి మధ్యలో ఉంది. ఇక్కడి బడుల్లో బయటి దేశాల పిల్లలకి పెట్టే పరీక్ష రాసింది. సీటు రాలేదు. ఇంటర్నేషనల్ స్కూలు మా తాహతుకు మించింది. మా ఆవిడ పెళ్ళికి ముందూ తర్వాతా ఒంగోల్లో హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పిన మనిషి. ఇక్కడ ఉద్యోగం చేయడానికి ఆవిడ వీసా ఒప్పుకోదు. "నాకు ఉద్యోగం లేదు, దానికి బడి లేదు. ఇద్దరికీ ఒకటే మందు" అంది.

ఇంట్లో చదివే పిల్లల్ని చేర్చుకునే ప్రైవేటు స్కూళ్ళు అమెరికాలో ఉన్నాయి. గొడుగు స్కూళ్ళంటారు. పాఠం చెప్పేది, మార్కులు వేసేది తల్లిదండ్రులే. ఏ ఏడు ఏం చదివిందో చూసి, రికార్డు ఉంచి, చివర్లో కాలేజీకి పనికొచ్చే ట్రాన్‌స్క్రిప్టు ఇచ్చేది వాళ్ళు. అలాంటి ఒక స్కూల్లో అమ్మాయి పేరు నమోదు చేయించాం. ఒక ఏడాది చూద్దామనుకున్నాం. ఇంటర్ వయసు దాటేదాకా అదే సాగింది.

ఆవిడ పద్ధతి ఒకటే. చదివిన పాఠాన్ని అమ్మాయి తిరిగి వాళ్ళమ్మకి చెప్పాలి. మన బడుల్లో అప్పజెప్పడం అంటే బట్టీ పట్టింది వల్లించడం. ఇది అది కాదు. అమ్మకి ఏమీ తెలియదనుకుని, తెలిసేలా చెప్పాలి. అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర వంటింటికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చోవాలి. ఆవిడ వెనక గట్టు దగ్గర నిలబడి కూరలు తరుగుతూ వింటుంది. కత్తి టకటక ఆడుతోందంటే పాఠం సాగుతున్నట్టు. తప్పు దొర్లితే కత్తి ఆగుతుంది. ఆవిడ నోరు విప్పదు. ఎక్కడ తప్పిందో అమ్మాయే పట్టుకుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పాలి.

"పిల్లని అలా గోడకేసి కూర్చోబెట్టావేంటి?" అన్నాను ఒకసారి.

"గోడ కాదండీ, కిటికీ. ఎదురుగా కూర్చోబెడితే నా మొహంలో జవాబు వెతుక్కుంటుంది. పరీక్ష హాల్లోకి నా మొహం తీసుకెళ్ళనివ్వరుగా."

మా ఇంట్లో కూర కూడా పాఠాన్ని బట్టే. చిన్న పాఠమైతే వంకాయ. పెద్ద పాఠమైతే గోరుచిక్కుడు. గోంగూర వలిస్తే చప్పుడు రాదు కాబట్టి పాఠం ఉన్న రోజు గోంగూర ఉండదు. "వీకెండ్ ఎప్పుడొస్తుందమ్మా, గోంగూర పప్పు తినాలి" అని అమ్మాయి ఏడిపించేది. "లెక్కలు త్వరగా ముగించు, శుక్రవారమే వండుతా" అనేది ఆవిడ.

ఇదంతా నేను భోజనం దగ్గర విన్నదే. నేను స్వయంగా విన్న పాఠం ఒక్కటే, అదీ సగం. ఒకరోజు ఆఫీసు నుంచి ముందుగా వచ్చాను. అమ్మాయి ఫిజిక్సు చెబుతోంది. ఎక్కడో తడబడింది, కత్తి ఆగింది. నేను ఇంజనీరుని. చెప్పులు విప్పుతూనే, "అంత తిప్పలెందుకమ్మా, ఫార్ములా ఇది కదా" అనేశాను. అమ్మాయి ఫార్ములా అందుకుని గుక్కతిప్పుకోకుండా జవాబు చెప్పేసింది. కత్తి మాత్రం కదల్లేదు. ఆవిడ చెయ్యి తుడుచుకుని ఇవతలికి వచ్చింది.

"ఇప్పుడు అది చెప్పింది మీ జవాబు. దాని జవాబు ఎక్కడ పడిపోయిందో నేను వెతుక్కోవాలి."

ఆ రోజు నుంచి పాఠం జరుగుతుండగా నేను హాల్లోకి రాకూడదని నియమం పెట్టింది. అది నాకు శిక్షలా అనిపించాల్సింది. హాయిగా ఉండేది. మా ఆఫీసు వన్-నార్త్‌లో. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసుకోవచ్చు. బుధవారం అందులో ఒకటి. బుధవారం పెద్ద పాఠం ఉంటుంది, పడగ్గదిలో తలుపేసుకుని కూర్చోవాలి. ఎందుకొచ్చిన గొడవని బుధవారాలు ఆఫీసుకే వెళ్ళేవాణ్ణి.

బయట నేను ఇంకో రకం. ఒక స్నేహితుడి కండో అపార్ట్‌మెంట్లో పిల్లల పుట్టినరోజు. అందరూ పిల్లల స్కూళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. "మీ పాప ఏ స్కూలు బ్రో?" అని ఒకాయన అడిగాడు. "ఇంటర్నేషనల్. ఆన్‌లైన్ మోడ్" అన్నాను. ఆవిడ నా పక్కనే పేపర్ ప్లేటుతో నిలబడి ఉంది. తిరుగు ప్రయాణంలో ట్రైన్ ఎక్కాక అంది.

"మా స్కూలుకి మంచి పేరే పెట్టారు."

"ఏదో అనేశాలే."

"అబద్ధమేం కాదులెండి. బీన్స్ మలేషియావి, ఉల్లిపాయలు ఇండియావి, కత్తి జపాన్‌ది. ఇంతకన్నా ఇంటర్నేషనల్ ఏముంటుంది?"

అమ్మాయి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో నేను తప్పించుకోవడం ఆవిడకి తెలుసు. తప్పించుకోనిచ్చింది.

కాలేజీ అర్హత కోసం అమ్మాయి బయటి పరీక్షలు ప్రైవేటుగా రాసింది. సెంటర్ ఆంగ్ మో కియో వైపు పడేది. తల్లీ కూతుళ్ళు పొద్దున్నే వెళ్ళేవాళ్ళు. పరీక్ష అవుతుండగా ఆవిడ దగ్గర్లో తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కాఫీ తాగుతూ కూర్చునేది. ఇక్కడి అలవాటు మీకు తెలిసిందే, కుర్చీ మనదని చెప్పడానికి టిష్యూ ప్యాకెట్టు పెడతాం, చోప్ చేయడం అంటాం. ఆవిడ మూడు పెట్టేదట. "నాన్న రారు కదమ్మా, ఎందుకు చోప్ చేస్తావ్?" అని అమ్మాయి అడిగితే, "మీటింగ్ త్వరగా అయిపోతే వస్తారేమో, నిలబడతారా పాపం" అనేదట. ఇది నాకు అమ్మాయి మొన్న చెప్పింది.

కాలేజీ దరఖాస్తులప్పుడు, పిల్ల గురించి టీచరు ఒక పేజీ రాయాలని గొడుగు స్కూలువాళ్ళు అడిగారు. ఆవిడ రాసి, ఇంగ్లిష్ సరిచేయమని నాకిచ్చింది. నేను మా ఆఫీసులో ఉద్యోగుల గురించి రాసే మాటలన్నీ అందులో కుక్కాను. నాయకత్వ లక్షణాలు, స్వయంప్రేరణ, అలాంటివి. ఆవిడ చదివి, "ఈ అమ్మాయెవరో బాగుందండీ. ఎవరింటి పిల్ల?" అని అడిగింది. నా మాటలన్నీ కొట్టేసి తను రాసిందే మళ్ళీ పెట్టింది. అందులో ఒక వాక్యం నాకు గుర్తుంది. తప్పు చెప్పానని తెలిస్తే మా అమ్మాయి విసుక్కోకుండా మొదటికి వెళ్తుంది, అని.

ఇక ఆ బుధవారం.

జీవశాస్త్రంలో ఆఖరి పాఠాల్లో ఒకటి. చెట్టు వేరులోని నీళ్ళు ఆకు దాకా ఎలా వెళ్తాయన్నది. అమ్మాయి కిటికీ వైపు తిరిగి చెబుతోంది. వెనక గోరుచిక్కుళ్ళు తెగుతున్నాయి. సన్నటి గొట్టంలో నీటి ధార దారంలా సాగుతుంది, మధ్యలో గాలిబుడగ వస్తే ఆ దారం తెగిపోతుంది, అనే చోటికి వచ్చింది. కత్తి ఆగింది.

తప్పు చెప్పాననుకుంది. మొదటికి వెళ్ళింది. వేరు దగ్గర్నుంచి మళ్ళీ చెప్పింది. మళ్ళీ బుడగ దాకా వచ్చింది. కత్తి ఆడలేదు. ఇంకోసారి మొదటికి వెళ్ళింది. అప్పుడు కోపం వచ్చి, "ఏం తప్పమ్మా, చెప్పొచ్చు కదా" అని వెనక్కి తిరిగింది.

ఆవిడ స్టూలు మీద కూర్చుని, గట్టు పక్కనున్న వాషింగ్ మెషీన్‌కి తల ఆనించి ఉంది. పక్కింటి మలయ్ ఆంటీ అమ్మాయి కేక విని పరిగెత్తుకొచ్చి అంబులెన్సుకి ఫోన్ చేసింది. నేను వన్-నార్త్ నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను. అప్పటికే అయిపోయింది.

ఆ కాసేపటి ఆలస్యం వల్ల తేడా ఏమీ వచ్చేది కాదని డాక్టరు అన్నారు. అమ్మాయికి అదే చెప్పాను. నాకూ నేను చెప్పుకుంటున్నాను. కానీ అది నేను ఇంట్లో ఉండాల్సిన రోజు. పడగ్గది తలుపు కాస్త తీసి ఉంచుకుని, కూతురు ఒకే పాఠాన్ని అన్నిసార్లు ఎందుకు చెబుతోందని లేచి వచ్చి ఉండేవాణ్ణేమో. అమ్మాయికి వెనక్కి చూడకూడదనే నియమం ఉంది. నాకు లేదు.

ఇక్కడే ఒక యూనివర్సిటీ అమ్మాయికి సీటిచ్చింది, ఆఖరి ట్రాన్‌స్క్రిప్టు అందాలనే షరతు మీద. అన్ని సబ్జెక్టులకీ ఆవిడే గ్రేడు వేసేసింది, జీవశాస్త్రం తప్ప. కర్మలయ్యాక గొడుగు స్కూలు సలహాదారుకి ఈమెయిల్ రాశాను. కోర్సు దాదాపు పూర్తయింది కాబట్టి మీకు సబబనిపించిన గ్రేడు వేయండని ఆమె దయగా జవాబిచ్చింది. నా ఉద్యోగం ప్రాజెక్టు మేనేజర్. మిగిలిన పనిని మూసేయడమే నా వృత్తి. 'ఏ' వేసి, పంపే ముందు అమ్మాయికి చూపించాను.

"ఇది కెన్నాట్, నాన్నా" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

"ఏం?"

"ఈ చాప్టర్ అమ్మ వినలేదు కదా. అమ్మ వినకపోతే అవ్వలేదు లా."

"ఇప్పుడెలా కుదురుతుంది తల్లీ? వాళ్ళే వేయమన్నారు."

"వాళ్ళకేం తెలుసు? నేను ట్రై చేస్తున్నా, నాన్నా. రూమ్‌లో ఒక్కదాన్నే చెప్పుకుంటున్నా. బబుల్ దగ్గరికి రాగానే నోరు ఆగిపోతోంది."

"డాక్టరు చెప్పారు కదమ్మా, దాని వల్ల..."

"ఐ నో. తెలుసు. తెలిసినా ఆగిపోతోంది."

అమ్మాయి ఏడవలేదు. టేబుల్ మీద గీత లాంటిదేదో గోటితో గీకుతూ కూర్చుంది. నేను ఆ 'ఏ' చెరిపేశాను.

"నాకు చెప్పు. నేను వింటాను."

"నీకు బాటనీ రాదు."

"కూరలు తరగడం కూడా రాదు."

కొంచెం నవ్వింది. మార్చి తర్వాత అదే మొదలు. "సరే. కానీ చివర్లో గ్రేడు నేను చెప్తా. నువ్వు అదే వేయాలి. ఫార్ములాలు ఇవ్వకూడదు" అంది. ఒప్పుకున్నాను.

ఆ శనివారం పొద్దున టెక్కా మార్కెట్‌కి వెళ్ళి గోరుచిక్కుళ్ళు తెచ్చాను. లేతవి ఏరడం నాకు తెలియదు, ముదురువి కలిశాయి. గట్టు దగ్గర ఆవిడ నిలబడే చోట నిలబడ్డాను. అక్కడి నుంచి చూస్తే టేబుల్ దగ్గర అమ్మాయి వీపు, జడ, కిటికీలో ఎదుటి బ్లాకు కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ ఆవిడ చూసింది ఇదన్నమాట.

అమ్మాయి వేరు దగ్గర మొదలుపెట్టింది. నేను తరగడం మొదలుపెట్టాను. ముక్కలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పాఠంలో తప్పుందో ఒప్పుందో నాకు తెలిసే దారి లేదు. నాకు తెలిసింది ఒక్కటే, కత్తి ఆగకూడదు. నీళ్ళు కాండంలోకి వచ్చాయి. గొట్టంలో దారంలా సాగాయి. అమ్మాయి గొంతు నెమ్మదించింది. చిక్కుళ్ళు చూస్తే కొన్నే మిగిలాయి. చిన్న ముక్కలు చేశాను. ఇంకా చిన్నవి చేశాను.

"మధ్యలో ఒక గాలిబుడగ వస్తుంది" అంది.

ఆగింది.

చిక్కుళ్ళు అయిపోయాయి. నేను ఖాళీ చెక్క మీద కత్తి ఆడిస్తూనే ఉన్నాను. కొడుతున్నది చెక్క మీదేనని చప్పుడు మారడంతో అమ్మాయికి తెలిసే ఉంటుంది. వెనక్కి తిరగలేదు. కిటికీ వైపే చూస్తూ, చాలాసేపటికి, "అప్పుడు ఆ గొట్టం పనిచేయదు. నీళ్ళు పక్క గొట్టంలోకి మళ్ళి పైకి వెళ్తాయి" అంది. అక్కడి నుంచి ఆకు దాకా చెబుతూ వెళ్ళింది. నేను ఉత్త చెక్క తరుగుతూ విన్నాను.