థర్జా చెంచాల మీద గీతలు

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చెంచాలకు, ఫోర్కులకు మెరుగు పెట్టే ఆడవాళ్లలో థర్జా స్టానిఫోర్త్ పేరు వినని వాళ్లు తక్కువ. తలకు ఎర్ర రుమాలు, బట్టలకు మసి అంటకుండా ఒంటికి గోధుమరంగు కాగితం చుట్టుకుని, ముఖమంతా మసితో, గుడ్డచక్రం తిప్పి మెరుగు పెట్టే బఫింగ్ మిషను ముందు కూర్చున్నదంటే ఇక లోకం పట్టేది కాదు. చిన్నపిల్లగా ఆ బల్ల దగ్గర కుదురుకుంది. యుద్ధం వచ్చి వెళ్లింది, మొగుడు పోయాడు, ఆమె మాత్రం ఆ బల్ల వదల్లేదు. థర్జా మెరుగు పెట్టిన చెంచాలో చూసుకుని పౌడరు రాసుకోవచ్చని యజమాని బాగ్‌షా వచ్చినవాళ్లందరితో అనేవాడు. వినపడనట్టు తల వంచుకునేది గానీ, ఆ రోజంతా మిషను హోరును మించి పాడేది.

ఒక చలికాలం ఆమె చెంచాలు బాగాలేవని తిరిగి రాసాగాయి. వెండిపూత మీద వెంట్రుకల్లాంటి గీతలు, కొన్నిటికైతే పూతే అరిగిపోయింది.

మిషను పాడైందని థర్జా గొడవ పెట్టింది. మెకానిక్ ఇబట్సన్ వచ్చి మిషను ఆపి, గుడ్డచక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. కొంచెం ఊగుతోంది. నట్టు బిగించాడు. బెల్టు జారుతోందేమోనని మార్చాడు. బేరింగు పట్టుకుని కదిపాడు, గట్టిగానే ఉంది. అయినా గీతలు పోలేదు. చివరికి అతను, ఊగే చక్రం అలలు వేస్తుందిగానీ ఇలా గీయదని, చివరి మెరుపు పెట్టే చక్రానికి గరుకు పాలిష్ మందు అంటుకుంటేనే ఈ గీతలు పడతాయని చెప్పాడు.

థర్జా చూపు పక్క బల్ల మీదికి పోయింది. అక్కడ కూర్చునేది మేవిస్. థర్జా స్నేహితురాలి కూతురు. వాళ్లమ్మ బతిమాలితే థర్జానే పనిలో పెట్టించి, చెంచా ఎలా పట్టుకోవాలో చేతిమీద చెయ్యి వేసి నేర్పింది.

"నేను టీకి లేచినప్పుడల్లా నా చక్రం మీద నీ గరుకు పని చేసుకుంటున్నావు కదూ?" అంది అందరి ముందూ.

"మీ చక్రం నేనెందుకు ముట్టుకుంటాను, ఆంటీ?"

"ముట్టుకోకపోతే గీతలు వాటంతటవే పుట్టాయా?"

మేవిస్ ఏడ్చింది. ఏడ్చిందంటే చేసినట్టేనని మిగతావాళ్లు అనుకున్నారు. థర్జా మాటంటే బాగ్‌షాకు రెండో ఆలోచన లేదు. మేవిస్‌ను కింద నేలమాళిగలో ఇసుక, నూనె కలిపి రుద్దే పనికి పంపించాడు. టీ వేళ ఆమెకు బెంచీ మీద చోటు ఇచ్చేవాళ్లు లేకపోయారు.

ఆమె వెళ్లాక కూడా గీతలు పడుతూనే ఉన్నాయి.

ఇబట్సన్ కొత్త చక్రం తెచ్చి బిగించి, "ఇప్పుడు మెరుపు పెట్టు థర్జా, నేను ఇక్కడే నిలబడతా" అన్నాడు. ఆమె బల్ల మీద ఎప్పుడూ రెండు పాలిష్ కడ్డీలు ఉంటాయి. గరుకు కోతకు గోధుమరంగుది, చివరి మెరుపుకు ఎర్రది. థర్జా చెయ్యి చాచి ఒకటి తీసుకుని, తిరిగే చక్రానికి ఆనించింది.

అతను వంగి, పక్కవాళ్లకు వినపడకుండా అన్నాడు. "అది ఎర్రది కాదు."

మిషను ఆపి, రెండు కడ్డీలూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుంది. రెండూ ఒకటే బురదరంగు.

ఇన్నాళ్లూ దీపాల చుట్టూ మసక వలయాలు కనిపిస్తుంటే బల్బులను తిట్టింది. పేపరు చదవడం మానేసి, అందులో ఏముందిలే అనుకుంది. ఇప్పుడు అవన్నీ వరసగా గుర్తొచ్చాయి. మేవిస్ మీద విరుచుకుపడిన రోజున కూడా లోపల ఎక్కడో అనుమానం కదిలిన మాట నిజం. ఆ అనుమానాన్ని నొక్కిపెట్టడానికే అంత గట్టిగా అరిచింది.

ఇబట్సన్ మంచివాడు. చక్రం పాతబడింది, మార్చాను, సరిపోయిందని బాగ్‌షాతో చెప్పేశాడు. థర్జా ఆ అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చింది. ఆ రోజూ, మర్నాడూ కడ్డీలను గోటితో గీకి గుర్తుపట్టుకుంటూ పని లాగించింది. పాట మాత్రం రాలేదు. ఇంట్లో ఉడకబెట్టిన బంగాళాదుంపలు ముందు పెట్టుకుని తినలేకపోయింది.

ఆ తర్వాతి రోజు టీ వేళ నేలమాళిగలోకి దిగింది. మేవిస్ చేతులు ఇసుకకు ఒరుసుకుపోయి పగుళ్లు పడ్డాయి. ఆ మసకలో అవి థర్జాకు కనపడలేదు, చెయ్యి పట్టుకున్నాక తెలిసింది.

"గీతలు నావేనే. నా కళ్లు పోతున్నాయి. నీ మీద వేశాను."

మేవిస్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అందరి ముందూ అన్నారు. అందరి ముందే చెప్పండి."

థర్జా మెట్లు ఎక్కింది. మెట్టుమెట్టుకూ గోడ పట్టుకుంది. మిషన్ల మధ్య నిలబడి, ఆపమని చెయ్యి ఎత్తి, ఉన్నదంతా చెప్పింది. ఎవరూ నవ్వలేదు, ఓదార్చనూ లేదు. కాసేపటికి ఎవరో స్విచ్ వేశారు, హోరు మళ్లీ లేచింది. ఎటు నడవాలో తెలియక ఆమె కాసేపు అక్కడే నిలబడిపోయింది.

థర్జా బల్ల మేవిస్‌కు వచ్చింది. థర్జా తలుపు దగ్గర చెంచాలకు పలచటి కాగితం చుట్టే పనికి మారింది. మేవిస్ రోజూ గుడ్ మార్నింగ్ చెప్పేది గానీ, ఆంటీ అనడం మాని "మిసెస్ స్టానిఫోర్త్" అని పిలిచేది. దానికి థర్జా ఏమీ అనుకోలేదు, అనుకునే హక్కు లేదనుకుంది.

మరుసటి ఏడు ఆసుపత్రిలో కంటిపొర తీశారు. లావుపాటి అద్దాలతో మళ్లీ రంగులు తేటగా కనిపించాయి. ఇంకో బల్ల ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోమని బాగ్‌షా స్వయంగా అడిగాడు.

"వద్దండీ, ఇక్కడే బాగుంది" అని, ఇంకో చెంచా తీసుకుని కాగితం చుట్టింది.