ఏడు ఒకట్లు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి గర్వపడడానికి ఏదో ఒకటి కావాలి. ఆ రోజుల్లో నాకు పొలం లేదు, మీసం సరిగా రాలేదు, ఉద్యోగమా గుడియాత్తంలో ఒక బడిలో తెలుగులో చదివే తరగతికి లెక్కలు చెప్పే తాత్కాలికపు పని. అందుకని ఒక సంఖ్యను చూసుకుని గర్వపడేవాణ్ణి. వరసగా ఏడు ఒకట్లు: పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. అది ప్రధాన సంఖ్య అని, అంటే ఒకటీ తనూ తప్ప ఏదీ దాన్ని శేషం లేకుండా భాగించదని, ఎండాకాలమంతా పాత క్యాలెండరు కాగితాల వెనక భాగహారాలు చేసి తేల్చుకున్నాను. (నా జాతకం నేనే వేసుకుంటున్నానని మా అమ్మ పక్కింటావిడతో చెప్పింది. ఫలితం బాగాలేదనీ చెప్పింది.)

రాష్ట్రాలు భాషల వారీగా విడిపోయి మా ఊళ్లు మద్రాసు వైపే ఉండిపోయిన కాలం అది. తెలుగు తరగతిలో తొమ్మిదిమంది మిగిలారు. వాళ్లకు ఉత్సాహం కలిగిద్దామని ఒక గురువారం నా సంఖ్యను బోర్డు మీద వేసి గొప్పలు చెప్పాను. మర్నాడు, లత్తేరి నుంచి రైల్లో వచ్చే రైతు బిడ్డ, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, లేచి నిలబడింది.

"రెండు నూర్ల ముప్పై తొమ్మిదితో పోతాది అయ్యవారూ."

"పోదు. కూర్చో."

"నాలుగు వేల ఆరు నూర్ల నలభై తొమ్మిది తూర్లు పోతాది."

"కూర్చోమన్నానా?"

కూర్చుంది. మిగతా ఎనిమిదిమంది నవ్వారు. నేను నవ్వనిచ్చాను.

సాయంత్రం ఆ రెండు వందల ముప్పై తొమ్మిది భాగహారం ఉన్న క్యాలెండరు కాగితం తీసి చూస్తే, పదిహేను వందల యాభై ఒకటిలోంచి పద్నాలుగు వందల ముప్పై నాలుగు తీసేసి నూట పదిహేడుకు బదులు నూట ఏడు వేసి ఉన్నాను. సోమవారం అందరి ముందూ ఒప్పుకుందామనుకున్నాను. (అనుకోవడం సులభం.) ఆ పిల్ల వారమంతా రాలేదు. ఆ వారంలోనే హెడ్మాస్టరు పిలిచి, వచ్చే ఏడు తెలుగు తరగతి ఉండదని, నా అవసరమూ ఉండదని చెప్పారు.

ఆదివారం లత్తేరికి వెళ్లాను. తండ్రీ కూతురూ చేలో వేరుశనగ పీకుతున్నారు.

"తెలుగు కిలాసు ఎత్తేస్తారంటనే," అన్నాడు తండ్రి. "ఇంక యాడ సదివేది? ఈడ పని ఉండాది."

"తమిళంలో చేర్పించప్పా. బాగా చదివే పిల్ల."

"చేర్పిస్తే మీరే చెప్తారా?"

నేను పిల్ల వైపు తిరిగాను. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. నేను తీసివేతలో తప్పు చేసినాను."

"తెలుసు అయ్యవారూ," అంది చేతిలో పని ఆపకుండా. ఇంకో మొక్క పీకి మట్టి దులిపి, "ఆ నాలుగు వేల ఆరు నూర్ల నలభై తొమ్మిదిని గూడా చూసినా. అది దేంతోనూ పోదు."

"ఎందాకా చూసినావు?"

"అరవై ఏడు దాకా. ఆపైన అక్కర్లేదు గదా."

అక్కర్లేదు. అరవై తొమ్మిదిని అరవై తొమ్మిదితో గుణిస్తే ఆ సంఖ్యను దాటిపోతుంది. ఆ కిటుకు నేనింకా తరగతిలో చెప్పనేలేదు. తండ్రి తువ్వాల్లో పచ్చి వేరుశనక్కాయలు కట్టి ఇచ్చాడు. తిరుగు రైల్లో ఎదుటి ప్రయాణికుడు చూస్తుంటే, కాయల మట్టి కంట్లో పడిందని చెప్పాను. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

మరుసటి ఏడు వేలూరులో ఒక తమిళ బడిలో పని దొరికింది. మొదటిరోజే బోర్డు మీద నా పేరే తమిళంలో తప్పు రాశాను. తరగతంతా గొల్లుమంది. నేనూ నవ్వి, ఎవరైనా వచ్చి దిద్దమన్నాను. లత్తేరి పిల్ల అక్కడ ఉండుంటే నన్ను మెచ్చుకునేది కాదు; నవ్వులు తగ్గేదాకా ఆగి, నిదానంగా రెండో తప్పు చూపించేది.