పొగరాని మందు

మా ఫ్లాట్‌లో మందపాటి ఇనపతలుపున్న చిన్న గది ఒకటుంది. యుద్ధమొస్తే తలదాచుకోవడానికి కట్టిన గది. ఈ పరాయి దేశంలో, మా బెడోక్ పేటలో అందరిలాగే మేమూ అందులో బియ్యం మూటలు, పాత సూట్‌కేసులు పెట్టుకున్నాం. ఒక అరలో దేవుడి పటాలు. కింద రోడ్డు మీద బస్సుల రొద లోపలికి రాదు కాబట్టి నా రికార్డింగ్ కూడా అక్కడే. విదేశీ వీడియోలకు తెలుగు మాటలు రాసి, నా గొంతుతో చదివి పంపడం నా పని. బడి మొహం చూడని నాకు ఇది దొరికిందంటే దేవుడి దయ, ఆ తర్వాత మా అన్న దయ. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపలేదు. అన్న తను చదివొచ్చిన పాఠాన్ని సాయంత్రం ఇంట్లో నాకు మళ్లీ చెప్పేవాడు. తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఆయన పెట్టిన భిక్షే.

ఆ గదితో ఒకటే చిక్కు. తలుపు మూస్తే ఫోన్‌కు సిగ్నల్ అందదు.

నేను చదివిన వీడియోల్లో ఒకటి, విదేశీ వేటగాడొకడు తుపాకుల గురించి చెప్పేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి కాల్చడం పాత పద్ధతే. తుపాకి మాత్రం కొత్తది, పొగరాని మందును తట్టుకునేలా దిట్టమైన ఉక్కుతో చేసింది. జింకను చూపించినప్పుడల్లా కళ్లు మూసుకుని రామా అనుకున్నాను గానీ మాటలు శ్రద్ధగానే చదివాను. కాల్చాక కళ్లకు పొగ అడ్డం రాదు. పాత నల్లటి మందయితే మసి చెమ్మ పీల్చి గొట్టానికి తుప్పు పట్టిస్తుంది, వెంటనే కడగాలి. ఈ కొత్త తుపాకినైతే నూనెగుడ్డతో తుడిస్తే చాలు. గుండు చాలా దూరం వాలకుండా పోతుంది. ఇబ్బందులూ చెప్పాడా వేటగాడు. ఒక్కసారి కాల్చాక మళ్లీ మొదట్నుంచీ కూరుకోవాల్సిందే. అడవిలో కడ్డీ పారేసుకుంటే తుపాకి ఉత్త కర్ర. చిట్టచివర, కంసాలి త్రాసులాంటి దాని మీద మందు తూస్తూ అసలు మాట చెప్పాడు: ఈ మందు దీనికోసం చేసిన తుపాకిలోనే పోయాలి, పాతదాంట్లో పోస్తే గొట్టం పగిలి కాల్చినవాడి ముఖం మీదికే వస్తుంది.

మా అన్నది చిత్తూరు వైపు, కొండ కింద శెనక్కాయ చేను. అడవిపందులను బెదరగొట్టడానికి నల్లటి మందు కూరి కాల్చే తాతనాటి తుపాకి ఉంది, లైసెన్సుతో. దాన్ని పైకెత్తి కాలిస్తే వాకిలంతా పొగ. నా చిన్నతనంలో, నన్ను లోపలికి పంపి తలుపేయించాకే కాల్చేవాడు.

ఒకరోజు సాయంత్రం రికార్డింగ్ ముగించి బయటికొచ్చేసరికి ఫోన్‌లో అన్న పిలిచిన గుర్తులు, కింద ఒక వాయిస్ మెసేజ్.

"అమ్మణ్ణీ, ఆ తుపాకి వీడియోలో నీ గొంతు వింటిని. టీచరమ్మ మాదిరి ఎంత బాగ చెప్తివే! పొగే రాదంట, కడిగే పనే లేదంట. పక్కూరాయప్ప కాడ తూటాలు తెచ్చి, కోసి మందు తీసినా. మన ఇత్తడి మూతతోనే కొలిచి పోస్తా. ఈపొద్దు కాల్చి చూస్తా. ఈసారి నువ్వొస్తే దగ్గు రాదులే."

ఇక్కడ చీకటి పడుతోంది, అక్కడింకా ఎండ ఉంటుంది, పందులొచ్చేది పొద్దుగూకాకే. నాకు మిగిలింది ఆ తేడా ఒక్కటే. ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. వదినకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు నుంచి అప్పుడే బయటపడిన మా ఆయనకు చేస్తే, "మీ అన్నకు ఆ మాత్రం తెలీదా? ట్రైన్ ఎక్కుతున్నా, వచ్చాక మాట్లాడదాం" అన్నారు.

తెలియదు. నా గొంతు చెప్పిందంటే ఆయన ఇంకెవర్నీ అడగడు.

"అమ్మా, వై ఆర్ యూ క్రైయింగ్? మామయ్యకి మెసేజ్ పెట్టు లా," అంది మా అమ్మాయి, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి.

"మెసేజ్ చూసేలోపు పేలుతుందే!"

అది బిక్కమొహం వేసుకుని నా పక్కనే నేల మీద కూర్చుంది. వదిన నంబరు నొక్కుతూనే ఉన్నాను. రోజూ దణ్ణం పెట్టి నీ దయ అని చెప్పుకునే నోటితో, ఆ వేళ దేవుడితో పోట్లాడాను. కావాలంటే నా గొంతు తీసుకో, ఆయన కళ్లు, ఆయన చేతులు వదిలెయ్యి. అక్షరం దిద్దించిన చేతులవి.

వదిన ఎత్తింది. ఎత్తుతూనే విసుగు.

"ఏమ్మా, నువ్వూ నీ యన్నా కలిసి నా పానం తీస్తాండారే! ఇప్పుడుదాకా ఆయప్ప గజం యాడ పెట్నావని ఒకటే అరుపు."

మందు కూరే కడ్డీని మా వైపు గజం అంటారు.

"గజం ఎక్కడుంది వదినా?"

"కాకరతీగకు ఊతం పెట్టినా. చెప్తే పీకేస్తాడని చెప్పలా."

"చెప్పొద్దు! నీకు దణ్ణం పెడతా. అన్నకు ఫోనివ్వు."

అన్న నవ్వుతూ అందుకున్నాడు. "మందు పోసేసినా అమ్మణ్ణీ. కూరేదే బాకీ."

"అన్నా, వీడియో చివరిదాకా విన్నావా?"

"యాడ! ఆవు తాడు తెంపుకునె. ఆడికే ఆపేసినా."

చివరి మాట చెప్పాను. చదివినట్టు చెప్పలేకపోయాను. ముక్కలు ముక్కలుగా, ఏడుస్తూ, గొట్టం, మొహం, కళ్లు అని.

"నిజంగానా?" అన్నాడు.

"అదీ నా గొంతే అన్నా. అదీ నమ్ము."

తుపాకి తలకిందులు చేసి గోడకు తట్టుతున్న చప్పుడు వినిపించింది. పారబోసిన మందు మీద చెంబుతో నీళ్లు పొయ్యమని వదినకు చెబుతున్నాడు. మళ్లీ ఫోన్‌లోకొచ్చి, "మరి పందులొస్తే?" అన్నాడు.

"డబ్బా వాయించన్నా."

"కాకరతీగ జోలికొస్తే నేనే వాయిస్తా," అని వెనకనుంచి వదిన.

మర్నాడు మార్కెట్లో కాకరకాయలు కొన్నాను. మా ఇంట్లో అమ్మాయీ తినదు, ఆయనా తినరు. చేదు దేవుడికి నివేదించడం మా ఇంట్లో లేదు. నేను మాత్రం వేపుడు చేసి, ఆ ఇనపతలుపు గదిలో పటాల ముందు పెట్టాను. తలుపు మూయలేదు. ఇప్పుడు రికార్డింగ్ ఉన్నా మూయడం లేదు. వెనక బస్సుల చప్పుడొస్తోందని కంపెనీ వాళ్లు అంటున్నారు. రానీ.