బర్రె కేసు వాపసు తీసుకున్న రోజు

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో తల పైకెత్తితే ఆకాశానికి బదులు కోచింగు బోర్డులు కనిపించేవి. మెట్రో కొత్తగా ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. బోర్డుల మీద నవ్వుతున్న ర్యాంకర్లను ఇక రైల్లో కూర్చుని, కళ్లలో కళ్లు పెట్టి చూసే భాగ్యం కలిగింది. నాకు ఇరవై నాలుగేళ్లు. నల్లకోటు కొత్తది, చట్టజ్ఞానం అంతకంటే కొత్తది (ఇంకా మడత విప్పలేదు). ఎల్.బి.నగర్‌లో ఒక సీనియర్ దగ్గర ఏడాదిపాటు జూనియర్‌గా ఉండి, ఆ ఏడాది మొత్తంలో కోర్టులో నేను పలికిన వాక్యం ఒక్కటే: "సార్ దారిలో ఉన్నారు, వాయిదా ఇప్పించండి." దాన్ని మాత్రం చాలా బాగా పలికేవాణ్ణి. మా నాయిన చుట్టాలందరికీ "మావోడు వాదిస్తే జడ్జి కదలకుండ కూసుంటడు" అని చెప్పుకునేవాడు. నిజమే, నేను మాట్లాడేసరికి ఆయన అప్పటికే తర్వాతి ఫైలు చూస్తూ కదలకుండా కూర్చునేవాడు.

అలాంటి నన్ను పల్లెటూరి పిల్లలను వకీళ్లుగా తయారుచేసే పనికి తీసుకున్నారంటే, ఆ సంస్థ ఎంత గొప్పదో మీరే ఊహించుకోండి. మిఠాయి దుకాణం మీద రెండో అంతస్తు. పై అంతస్తులో బ్యాంకు కోచింగు. వకీలు మొహం చూడని ఊళ్ల నుంచి డిగ్రీ చదివిన వాళ్లను తెచ్చి, లా ప్రవేశపరీక్ష రాయించి, చదివాక మళ్లీ ఆ ఊళ్లకే వకీళ్లుగా పంపాలన్నది ఆశయం. ఆశయానికి వంక పెట్టలేం. వంకంతా దాన్ని నడిపే డైరెక్టరు గారిలో ఉండేది. ఆయనది గుంటూరు వైపు. ప్రతి రెండు మాటలకూ "ఇది వ్యాపారం కాదండీ, ఉద్యమం" అనేవారు కాబట్టి పిల్లలు ఆయనకు ఉద్యమం సార్ అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం సార్ అనే అనేవారు. ఉద్యమం అనేది గోడ అవతల.

ఉద్యమం సార్ దృష్టిలో పల్లె పిల్లలకు తక్కువైంది చట్టం కాదు, వ్యక్తిత్వం. అందుకని పొద్దున రెండు గంటలు కరచాలనం, నిలబడటం, నవ్వడం నేర్పించాలి. నవ్వితే పై వరస పళ్లే కనపడాలట. (కింది వరస కనపడితే ముద్దాయి అనుకుంటారని ఆయన సిద్ధాంతం.) ఆ తర్వాత నేను "కోర్టు మర్యాదలు" చెప్పేవాణ్ణి. ఎలా వంగాలి, ఎంత వంగాలి, వంగి ఇంగ్లీషులో ఏమనాలి. నలభై మంది నోట్సు రాసుకునేవారు. ఒక్క మనిషి మాత్రం రాసుకోకుండా చెయ్యెత్తేది.

ఆమె యాచారం దాటాక లోపలికి పోయే పల్లె నుంచి వచ్చింది. డిగ్రీకి, దీనికి మధ్య నాలుగేళ్లు ఇంటి దగ్గరే కుట్టుమిషను తొక్కింది, కాబట్టి నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమెకు క్లాసంతా కలిసి పెట్టిన పేరు డౌటక్క.

"సార్, మా ఊర్ల ఒకామెకు పట్టా పాస్‌బుక్కుల పేరు తప్పు పడ్డది. ఆమె ఏ ఆఫీసుకు పోవాలె?"

"అది మన సిలబస్‌లో లేదమ్మా."

"పోలీసోళ్లు దరఖాస్తు తీసుకుంటలేరు సార్. అప్పుడెట్ల?"

"అదీ లేదు."

"మరి సిలబస్ల ఏమున్నది సార్?"

క్లాసంతా నవ్వింది, రెండు వరసల పళ్లతోనూ. నేను గంభీరంగా "ముందు పునాది పడాలి" అన్నాను. పాస్‌బుక్కులో పేరు తప్పు పడితే ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలియదన్న సంగతి నాకూ, ఆ దేవుడికీ మాత్రమే తెలుసనుకున్నాను. డౌటక్క మొహం చూస్తే మూడో మనిషికి కూడా తెలిసినట్టే ఉండేది.

ఏమైతేనేం, పిల్లలు పరీక్ష రాశారు. మా బోధన ఉన్నా కూడా చాలామందికి మంచి ర్యాంకులు వచ్చాయి. డౌటక్కది అందరికంటే మంచిది. ఇక సీటు కోసం కౌన్సెలింగులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. తేదీ బుధవారం పడింది. ఇక్కడే వచ్చింది చిక్కు. చేరేటప్పుడే అందరి ఒరిజినల్సూ మేం తీసి అల్మారాలో పెట్టాం. "భద్రత కోసం" అని. ఆ శనివారం సంస్థను చూడటానికి దాతలు వస్తున్నారు. సర్టిఫికెట్లు చేతికిస్తే పిల్లలు అటునుంచి అటే ఊళ్లకు పోతారనీ, శనివారం దాతలకు చూపించడానికి ఖాళీ బెంచీలు మిగులుతాయనీ ఉద్యమం సార్ భయం.

"బుధవారం కాకపోతే ఇంకో రౌండు ఉంటుంది నాన్నా. ఉద్యమం కోసం ఆ మాత్రం ఆగలేరా?" అన్నారు నాతో. అల్మారా తాళంచెవి నా దగ్గరే ఉండేది. నా ఉద్యోగంలో చట్టానికి సంబంధించిన బాధ్యత అదొక్కటే.

సోమవారం డౌటక్క నా దగ్గరికి వచ్చింది. "సార్, ఇంకో రౌండు దాకా ఆగితే దగ్గరి కాలేజిల సీటుండది. దూరం కాలేజైతే మా ఇంట్ల పంపరు. తాళం మీ దగ్గరనే ఉన్నది గద, జర తీసియ్యున్రి."

నేను ఏమన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "దానికి ఒక విధానం ఉంటుందమ్మా. లిఖితపూర్వకంగా అడగండి, పరిశీలిస్తాం" అన్నాను. ఏడాదిపాటు కోర్టు గుమస్తాల దగ్గర నేను విన్న మాటలన్నీ సమయానికి అలా అక్కరకొచ్చాయి. ఆమె "మంచిది సార్" అని వెళ్లిపోయింది. కోప్పడినా బాగుండేది.

మంగళవారం మధ్యాహ్నం శనివారానికి రిహార్సల్ జరిగింది. దాతల ముందు పిల్లలతో ఉత్తుత్తి కోర్టు నడిపించాలని ప్లాను. జడ్జిగా కూర్చోడానికి మూసారాంబాగ్‌లో ఉండే ఒక రిటైర్డు జడ్జి గారిని ఉద్యమం సార్ బతిమాలి తెచ్చారు. సన్నగా, మెల్లగా ఉండే పెద్దాయన. కేసు నేను రాశాను: ఒకరి బర్రె ఇంకొకరి చేను మేసింది. (పల్లె పిల్లలకు పల్లె కేసు. ఇంతకు మించిన ఊహ నాకు లేదు.) పదకొండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు, నడుమ నడుమ లాటిను. చేనుగలామె తరఫున వకీలు డౌటక్క. బర్రె తరఫు వకీలుకు జ్వరం వచ్చి పడుకుంటే, నేనే కోటేసుకుని నిలబడ్డాను.

డౌటక్క లేచింది. నేను నేర్పిన కొలత ప్రకారమే వంగింది. తర్వాత నేను రాసిచ్చిన కాగితాలు బల్ల మీద బోర్లించి పెట్టింది.

"సార్, బర్రె కేసు వాపసు తీసుకుంటున్న. నా దగ్గర ఇంకో కేసున్నది. తెలుగుల చెప్పొచ్చా?"

"న్యాయం తెలుగులో కూడా అర్థమవుతుందమ్మా నాకు, చెప్పు" అన్నారు జడ్జి గారు.

ఉద్యమం సార్ వెనక బెంచీలోంచి సగం లేచి, "ఏమ్మా, స్క్రిప్టులో లేదుగా!" అన్నారు. జడ్జి గారు ఆయన వైపు చూడకుండానే కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. ముప్ఫై ఏళ్ల అలవాటు. సార్ కూర్చున్నారు.

డౌటక్క చేతిసంచిలోంచి ఒక చీటీ తీసింది. సర్టిఫికెట్లు తీసుకున్నప్పుడు మేం ఇచ్చిన రసీదు. దాన్ని నా ముందు పెట్టి అడిగింది: "సార్, గీ సంతకం ఎవలది?"

"నాదే."

"గీ రాత?"

"నాదే."

"జర సదువున్రి."

చదవక తప్పలేదు. మామూలుగా 'ముట్టినవి' అని రాస్తే సరిపోయే చోట, నా పాండిత్యం చూపించుకోడానికి నేనే కష్టపడి రాసిన వాక్యం: "సదరు అభ్యర్థి కోరిన తక్షణమే, ఎట్టి షరతులు లేకుండా, సదరు ఒరిజినల్సు తిరిగి అప్పగించబడును."

"నిన్న నేను కోరిన్నా లేదా సార్?"

"కోరారు."

"మీరు లిఖితపూర్వకంగ అడుగుమన్నరు. ఇగో." నలభై మంది సంతకాలున్న కాగితం జడ్జి గారి ముందు పెట్టింది. "ఇప్పుడు ఒక్కటే డౌటు సార్. అల్మారా తాళం ఎవలి దగ్గర ఉన్నది?"

వెనక నుంచి ఉద్యమం సార్ కళ్లతో నాకు ఏదో చెప్తున్నారు. ముందు నుంచి నలభై మంది చూస్తున్నారు. నాకు ఉద్యోగం గుర్తొచ్చింది, మా నాయిన గుర్తొచ్చాడు. సార్ దారిలో ఉన్నారు, వాయిదా ఇప్పించండి అనాలని ఎంత అనిపించిందో చెప్పలేను. కానీ ఆ సారు వెనక బెంచీలోనే కూర్చుని ఉన్నారాయె.

"నా జేబులో ఉంది" అన్నాను.

జడ్జి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది నాటకం కోర్టు. నా తీర్పుకు ఇక్కడ విలువ లేదు. కాకపోతే నాకు ఇంటి దగ్గర తొందర పనేమీ లేదు. ఈ పిల్లలందరి చేతిలో కాగితాలు చూసేదాకా ఈ కుర్చీలోనే ఉంటాను. ఎవరన్నా కాస్త చాయ్ తెప్పించండి" అన్నారు.

రెండు చాయ్‌లు అయ్యేసరికి అల్మారా ఖాళీ అయింది. ఒక్కొక్కరి పేరు పిలిచి నేనే ఇచ్చాను. ప్రతివాళ్లూ కింద సంతకం పెట్టి, "థాంక్యూ సార్" అంటుంటే, ఏదో నేనే పోరాడి ఇప్పించినట్టు కాసేపు గర్వంగా కూడా అనిపించింది. ఆ వయసు అలాంటిది. సాయంత్రం ఉద్యమం సార్ నన్ను పిలిచి, "నీలాంటి వాళ్లు ఉద్యమానికి పనికిరారు నాన్నా" అన్నారు. అలా నా అధ్యాపక వృత్తి ముగిసింది.

శనివారం సంగతి తర్వాత తెలిసింది. సార్ పై అంతస్తు బ్యాంకు కోచింగు పిల్లలను కిందికి దించి, మెడకు టైలు కట్టి కూర్చోబెట్టారట. దాతల్లో ఒకావిడ "వకీలు ఎందుకు కావాలనుకుంటున్నావు బాబూ?" అని అడిగితే, ఒకడు "వడ్డీ లెక్కలు బాగా వచ్చు మేడం" అన్నాడట. దాతలు పొంగిపోయారని వినికిడి. ఆ ఫొటోలో అందరూ పై వరస పళ్లతోనే నవ్వారు.

మొన్నామధ్య ఒక భూమి కేసు పని మీద యాచారం వైపు వెళ్లాను. డౌటక్క ఇప్పుడు అక్కడ వకీలు. పాత కిరాణా షాపులో ఆఫీసు. గుమ్మం బయట బెంచీ మీద చేతిసంచులతో పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఎవరో కక్షిదారు అనుకుని, ఒక ముసలమ్మ "లైన్ల కూసో బిడ్డా, అక్క అందరివి సూస్తది" అంది. కూర్చున్నాను. లోపలి నుంచి పాస్‌బుక్కులో తప్పు పడ్డ పేరు ఎలా దిద్దించాలో ఆమె ఎవరికో ఒక్కో మెట్టూ చెప్తున్న గొంతు వినిపించింది. (నేను శ్రద్ధగా విన్నాను. ఆ రోజు దాకా నాకు సరిగా తెలియదు.)

నా వంతు వచ్చాక చాయ్ తెప్పించింది, పాత సంగతులు నవ్వుకున్నాం. లేవబోతుంటే అడిగింది: "సార్, ఎన్నేండ్ల నుంచో ఒక డౌటు. ఆనాడు అందరి ముంగట అడగకుంటె, మీ అంతట మీరు ఇచ్చేటోళ్లేనా?"

"ఎందుకివ్వను, తప్పకుండా ఇచ్చేవాణ్ణి" అన్నాను.

సాక్షి అబద్ధం చెప్తున్నాడని తెలిసినా ఇక ప్రశ్నలు లేవని కూర్చునే మంచి వకీలులా నవ్వి ఊరుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని, కొత్త కోటేసుకుని లాటిను ముక్కలు వల్లెవేసే ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి తలుచుకున్నాను. తిట్టాలనిపించలేదు. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, "ఏం భయం లేదురా, జేబులోంచి ఆ తాళంచెవి తియ్యి" అని చెప్పాలనిపించింది, అంతే.