ఆర్గాన్ అత్తయ్య, డ్రమ్ముల కోడలు

ఆర్గాన్ అత్తయ్య దారం మిల్లులో కండెలు చుట్టే సెక్షన్లో పాతికేళ్ళు పనిచేసింది. ఆదివారాలు మాత్రం చర్చిలో కాళ్ళతో తొక్కే పాత ఆర్గాన్ ముందు కూర్చునేది. మిల్లు నుంచి రిటైరయింది గానీ ఆర్గాన్ నుంచి కాలేదు. ఆమె వాయిస్తే కీర్తన నిదానంగా నడిచేది. ఎంత నిదానమంటే, ఆలస్యంగా వచ్చినవాళ్ళు గొడుగు మూలన పెట్టి, చోటు వెతుక్కుని, పక్కవాళ్ళ ఆరోగ్యం కనుక్కుని, పుస్తకం తెరిచినా పాట ఇంకా మొదటి చరణం దగ్గరే ఉండేది.

దాన్ని భక్తి అనుకునేవాళ్ళు సంఘంలో ఒక జట్టు. మధ్యాహ్నం భోజనం గురించి ఆలోచించేవాళ్ళు ఇంకో జట్టు. రెండో జట్టుకి నాయకురాలు అత్తయ్య సొంత కోడలే.

కోడలు కట్టుడుపళ్ళు తయారుచేసే లాబ్‌లో పనిచేస్తుంది. పెళ్ళయి ఈ చర్చికి వచ్చిన ఏడాదికల్లా నలుగురిని పోగేసి ఆరాధన టీమ్ పెట్టింది. ముందు కీబోర్డు వచ్చింది, తర్వాత గిటారు వచ్చింది. డ్రమ్ములు వస్తాయనేసరికి సంఘం మీటింగు పెట్టాల్సి వచ్చింది.

"చర్చిలోకి డ్రమ్ములు రావడానికి వీల్లేదు," అన్నారు సంఘపెద్ద. ఆయన రిటైరయిన హెడ్మాస్టారు. ఆయన పైవరస పళ్ళు కోడలు చేసినవే. ఆమె కట్టిన పళ్ళతోనే ఆమెని గట్టిగా కొరికారు.

అత్తయ్య లేచింది. "దేవుడు మెలకువగానే ఉన్నాడు. డప్పు కొట్టి లేపక్కర్లేదు."

"నిద్రపోయేది దేవుడు కాదత్తయ్యా, వెనక బెంచీలవాళ్ళు," అంది కోడలు.

పాము చావకుండా, కర్ర విరక్కుండా పాస్టరుగారు తీర్పు చెప్పారు. ఆర్గాన్‌తో రెండు కీర్తనలు, డ్రమ్ములతో మూడు కొత్త పాటలు. ఒకే చెక్క వేదిక మీద ఎడమవైపు అత్త, కుడివైపు కోడలి బృందం. మధ్యలో ఆయన.

ఇంట్లో అత్తయ్య కొడుకు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. లిఫ్టులు బాగుచేస్తాడు, పైకీ కిందికీ తిరగడం అతనికి అలవాటే. "నీకే పాటలు నచ్చుతాయిరా?" అని తల్లి అడిగితే, "రెండూ బాగానే ఉంటాయమ్మా," అన్నాడు. ఆ పూట అత్తాకోడళ్ళు ఒక్కటై అతనితో మాట్లాడటం మానేశారు.

ఇంత గొడవలోనూ అత్తయ్య ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆమెకి చెవులు వినపడవు. మిల్లు యంత్రాలు పాతికేళ్ళు కొరుక్కుతినగా మిగిలిన కాస్తా రెండేళ్ళ కిందట పోయింది. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి అర్థం చేసుకుంటుంది. పక్కనుంచి మాట్లాడితే "అంతేగా మరి" అంటుంది. ఆ మాట చాలా వాటికి సరిపోతుంది. ఆర్గాన్ మాత్రం వేళ్ళ జ్ఞాపకంతో వాయించేది. జనం ఎక్కడున్నారో తెలిసేది కాదు. వాళ్ళు పాట ముగించి కూర్చున్నాక ఒక్కోసారి ఇంకో చరణం వాయించేది. "ఆత్మలో లీనమైపోయింది," అని హెడ్మాస్టారు కళ్ళు తుడుచుకునేవారు.

డ్రమ్ములు మోగిన మొదటి ఆదివారం అత్తయ్య మూతి ముడుచుకుని కూర్చుంది. పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడింది. ఆ దెబ్బ చెక్క వేదికలోంచి ఆమె అరికాళ్ళలోకి వచ్చింది. ఇంకోటి, ఇంకోటి. మోకాళ్ళదాకా పాకింది. పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ మలుపు తిరిగిందో, జనం ఎప్పుడు ఆగారో రెండేళ్ళ తర్వాత మొదటిసారి తెలిసింది. తనకి తెలియకుండానే వేళ్ళు ఒళ్ళో తాళం వేశాయి. కోడలు అది చూసింది.

సాయంత్రం అత్తయ్య కూరగాయలు తరుగుతుంటే కోడలు వెనక నిలబడి మామూలు గొంతుతో అంది: "అత్తయ్యా, ఇల్లు అంటుకుంది."

అత్తయ్య తల తిప్పకుండా, "అంతేగా మరి," అంది.

కోడలు ముందుకొచ్చి నేలమీద కూర్చుంది. "ఎన్నాళ్ళయింది?"

అత్తయ్య కత్తిపీట పక్కన పెట్టింది. వంకాయ వైపే చూస్తూ అంది: "నువ్వు కాపురానికి రాకముందు నుంచే. తెలిస్తే నన్ను ఆర్గాన్ దగ్గర్నుంచి లేపేస్తారే. అక్కణ్ణించి లేస్తే నేనెక్కడ కూర్చోవాలి?"

 కోడలు అత్త ముఖానికి ఎదురుగా జరిగి, పెదవులు స్పష్టంగా కదుపుతూ చెప్పింది: "కీర్తనలకి కూడా పెద్ద డ్రమ్ము మెల్లగా వేయిస్తాను. మీ కాళ్ళకి అందుతుంది. కానీ మేం అడిగితే ఒప్పుకోరు. మీరే అడగాలి."

తర్వాతి మీటింగులో అత్తయ్య లేచి, "కీర్తనలకి డ్రమ్ము కావాలి," అంది.

హెడ్మాస్టారి నోరు తెరుచుకుంది. పైవరస కాస్త జారింది. సర్దుకుని, "మీరేనా అమ్మా ఈ మాటంటోంది? కోడలు మందు పెట్టిందా?" అన్నారు.

"నాకు చెవులు వినపడవు మాస్టారూ. రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ తప్పులే వాయించాను. మీ రెండు జట్లలో ఒక్కరూ కనిపెట్టలేదు. నా కీర్తనల కోసం ఇంత పోట్లాడారు కదా, ఒక్కరోజైనా విన్నారా?"

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినా ఆమెకి వినపడదు గనక నష్టమేమీ లేదు. పాస్టరుగారు ఆమెకి కనబడేలా ముందుకొచ్చి, "వినలేదమ్మా, తప్పే," అన్నారు. తీర్మానం అక్కడితో అయిపోయింది.

డ్రమ్ము తోడయ్యాక కీర్తనలు గాడిలో పడ్డాయి. ఆరాధన పన్నెండు నిమిషాలు ముందే ముగుస్తోంది. గాంభీర్యం పోయిందని రెండు కుటుంబాలు వేరే చర్చికి వెళ్ళిపోయాయి. అక్కడ ఆర్గానే లేదని మూడోవారం తెలిసింది. హెడ్మాస్టారు ఇక్కడే ఉండి, ప్రతివారం అసంతృప్తిగా, వేళకి భోజనం చేస్తున్నారు.

అలాగని అత్తయ్య కొత్త పాటలకి లొంగిపోలేదు. "ఒకే మాట పదకొండుసార్లు పాడతారేమే? దేవుడికి కూడా నాలాగే చెవుడా?" అని అడుగుతుంది.  గురువారం సాయంత్రాలు మాత్రం కోడలు అత్త దగ్గర కూర్చుని పాత కీర్తనలు నేర్చుకుంటోంది. ఆమె వేగంగా పాడుతుంది. అత్తయ్య ఆమె గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, తొందర ఎక్కువైనప్పుడల్లా చిన్నగా నొక్కుతుంది.