చేపకళ్ల స్కూటరు

బండ్లకు రంగులేసే ఈ పనిలో నేను చాలామందితో పోట్లాడాను కానీ, నడిరోడ్డు మీద క్షమాపణ చెప్పింది మాత్రం ఒక్కరికే. బజ్జీల సుబ్బాయమ్మకి. ఎందుకో చెప్తాను, నవ్వితే నవ్వండి.

తొంభైల్లో మాట. తెనాలిలో రేపల్లె రోడ్డు పక్కన నాకో షెడ్డుండేది. ఒక బుధవారం రేపల్లె నుంచి ఎస్తేరు టీచరుగారు పాత స్కూటరు తెచ్చారు. సైన్సు చెప్తారావిడ. ఆ రోజుల్లో స్కూటరు నడిపే ఆడవాళ్లు మా వైపు తక్కువ.

"సోమవారం చెరుకుపల్లిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేరాలండి. ఈ బండి మీదే వెళ్లాలని నా కోరిక. నెమలి రంగు వేసి, ముందు చిన్న మల్లెకొమ్మ గీయండి" అన్నారు.

"సోమవారం దాకా ఎందుకండి, శనివారానికే ఇస్తా" అన్నాను. అక్కడే మొదలైంది నా కష్టం.

రంగు బ్రహ్మాండంగా కుదిరింది. మల్లెకొమ్మ చూసి నేనే మురిసిపోయాను. ఇక పైన మెరుపు కోసం క్లియర్ కోటు కొట్టడమే మిగిలింది. కొట్టాను. రెండు నిమిషాల్లో బండి ఒళ్లంతా గుండ్రటి గుంటలు లేచాయి, మశూచి పోసినట్టు. మేం వాటిని చేపకళ్లంటాం. కింద జిడ్డుంటే క్లియర్ అక్కడ నిలవకుండా పక్కకు జరిగిపోతుంది.

వాటర్ పేపరనే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ కొట్టాను. మళ్లీ చేపలు కళ్లు తెరిచాయి. క్లియర్‌లో కలిపే థిన్నరు కల్తీ అనుకుని షాపతన్ని నాలుగు మాటలు అని కొత్త డబ్బా తెచ్చాను. అవే కళ్లు. గాలి కొట్టే కంప్రెసర్లో నీళ్లు చేరాయేమోనని ఉన్న నీళ్లన్నీ వదిలేశాను. గుంటలు పెరిగాయే గానీ తగ్గలేదు.

అప్పుడు నా ముక్కుకి బజ్జీల వాసన తగిలింది. షెడ్డు గుమ్మం పక్కనే సుబ్బాయమ్మ బాణలి సలసలా కాగుతోంది. దొంగ దొరికిందనుకున్నాను.

"అక్కా, నీ నూనె పొగంతా నా బండి మీద పడుతోంది. కొట్టు అవతలికి జరుపు."

"పదేళ్ల నుంచీ నీ రంగు వాసన నా బజ్జీలకి పడుతోంది. నేనేమన్నా అన్నానా తమ్ముడూ?"

మాటా మాటా పెరిగింది. బేరాలకొచ్చినవాళ్లు ప్లేట్లు పట్టుకుని నిలబడి చూశారు. చివరికి ఆవిడ పొయ్యి, బాణలి, బల్ల ఎత్తుకుని రోడ్డవతల పెట్టుకుంది. నేను గెలిచినవాడిలా లోపలికొచ్చి క్లియర్ కొట్టాను.

చేపకళ్లు. ఈసారి ఇంకా పెద్దవి.

శనివారం పొద్దున టీచరుగారు వచ్చేశారు. బండి చూసి కోప్పడతారనుకున్నాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ప్రశ్నలు మొదలెట్టారు.

"క్లియర్ కొట్టేముందు చివరిగా ఏం చేస్తారు మీరు?"

"శుభ్రంగా తుడుస్తానండి."

"దేంతో?"

భుజం మీది తువ్వాలు చూపించాను. ఆవిడ మూలనున్న రెండు పాత రేకులు తెమ్మన్నారు. ఒకటి నా తువ్వాలుతో తుడవమన్నారు, రెండోది ఆవిడే తన ఉతికిన చేతిరుమాలుతో తుడిచారు. రెండింటి మీదా క్లియర్ కొట్టించారు. రుమాలుతో తుడిచిన రేకు గాజులా ఉంది. నా రేకు నిండా కళ్లే.

టీచరుగారు తువ్వాలు వాసన చూశారు. "ఏం నూనె ఇది?"

ఈలోగా సంగతేంటో చూద్దామని సుబ్బాయమ్మ కూడా చేతిలో బజ్జీల ప్లేటుతోనే రోడ్డు దాటి వచ్చింది. ఇక దాచలేకపోయాను. జుట్టు రాలిపోతోందని బాపట్ల బస్టాండులో ఒకాయన దగ్గర మూలికల నూనె కొన్నాను. మూడు నెలలుగా ఇంట్లో వాళ్లకి కూడా తెలియకుండా పొద్దునా సాయంత్రం పట్టిస్తున్నాను. కారిన నూనె తువ్వాలుతో తుడుచుకుంటున్నాను, అదే తువ్వాలుతో బండీ తుడుస్తున్నాను.

సుబ్బాయమ్మ నా తల వంక తీరిగ్గా చూసి, "అయితే తప్పు నా పొయ్యిది కాదు, నీ బుర్రది" అంది.

టీచరుగారు నవ్వు ఆపుకోవడానికి ఆవిడ ప్లేట్లోంచి బజ్జీ ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నారు.

రోడ్డవతలికి వెళ్లి అందరి ముందూ "తప్పయిపోయిందక్కా" అన్నాను. పొయ్యి, బల్ల నేనే మోసుకొచ్చి పాత చోట పెట్టాను. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, తలకి ఉతికిన గుడ్డ చుట్టుకుని, స్కూటరు మళ్లీ రుద్ది, కొత్త గుడ్డతో తుడిచి కొట్టాను. సుబ్బాయమ్మ బాణలి కాగుతూనే ఉంది. క్లియర్ మాత్రం చెరువు నీళ్లలా నిలిచింది.

ఆదివారం చర్చి అయ్యాక టీచరుగారు వచ్చి, "ముఖం చూసుకోవచ్చండి ఇందులో" అన్నారు.

తలగుడ్డ విప్పి, ఎక్కడైనా లోపం మిగిలిందేమోనని వంగి చూశాను. బండి మీద గుంట ఒక్కటి లేదు. అందులో కనిపించిన తల మీద వెంట్రుకలూ ఇంచుమించు అంతే.